కొర్రాబిన్ లేక్ ఎండేలోగా

విక్టోరియా రాష్ట్రం విమ్మెరా గోధుమ నేలల్లో, కొర్రాబిన్ అనే ఊళ్ళో, లేక్ రోడ్డు చివరి ఇంట్లో ఉంటున్న డాక్టర్ వాసుదేవరావు గారి భార్య శేషుకుమారి అను నేను, పుట్టింది తెనాలి, బతికింది ఇక్కడ, నా తదనంతరం ఏది ఎవరికి చెందాలో, ఏది ఎవరూ ముట్టకూడదో ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టప్రకారం రాసి ఉంచుతున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ లేవు. మళ్ళీ రాసే ఓపికా లేదు.

నా మనసు స్థిమితంగానే ఉంది. ఊళ్ళో ఈ విషయం మీద రెండు అభిప్రాయాలున్నాయని తెలుసు. ఎండిపోతున్న లేక్ ఒడ్డున రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చునే మనిషికి మతి ఉందా అని పబ్బులో అనుకుంటారట. ఎందుకు కూర్చుంటానో కింద రాస్తాను. ఒంట్లో మాత్రం బాగాలేదు. కడుపులో గడ్డ ఉంది, కాలేయం దాకా పాకింది. డిసెంబర్లో వచ్చే వేసవి చూడకపోవచ్చని మెల్‌బోర్న్‌లో డాక్టరమ్మ చాలా మర్యాదగా చెప్పింది. నేను థాంక్స్ అంటే, పాపం, ఆవిడే కళ్ళు తుడుచుకుంది. ఆ థాంక్స్ ఎందుకో ఆవిడకి తెలీదు.

పైన "భార్య" అని రాసినందుకు పక్క టౌను హోర్షమ్‌లో లాయరు గారు పెన్ను కింద పెట్టేశారు. ఈ దేశంలో మనిషి ఏడేళ్ళు కనబడకపోతే పోయాడని కోర్టు చేత అనిపించుకోవచ్చట. మీకు ఎప్పుడో ఆ గడువు దాటిపోయింది కదా, ఒక్క సంతకం పెడితే చాలు, అన్నీ తేలికవుతాయి అన్నారు. నేను పెట్టలేదు. నేను సంతకం పెడితే పోయే మనిషి కాదు ఆయన. కాబట్టి "భార్య" అనే ఉంచమన్నాను, ఉంచారు.

1. అమలు బాధ్యత. సిడ్నీలో డాక్టరుగా ఉన్న నా కూతురు శ్రీదివ్య, మెల్‌బోర్న్ దగ్గర క్రాన్‌బర్న్‌లో ఉంటున్న వెంకీ అనే వెంకటరమణ, ఇద్దరూ కలిసి ఈ వీలునామా అమలు చెయ్యాలి. శ్రీదివ్యకి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. కనక వెంకీ చదివి వినిపించాలి. గబగబా చదవకు నాయనా. అది మధ్యలో లేచి టీ పెట్టుకొస్తానంటే కూర్చోబెట్టు. ఇంగ్లీషు చేయించే పని తర్వాత చూసుకోవచ్చు.

2. ఆయన సంగతి. వీలునామాలో ఇలాంటివి రాయకూడదట. రాయకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

మేము వచ్చినప్పుడు ఈ ఊరికి ఒక బ్యాంకు, ఒక స్కూలు, రెండు రొట్టెల దుకాణాలు, గోధుమలు నింపే సైలో, చిన్న హాస్పిటల్ ఉండేవి. చుట్టూ ఎటు చూసినా బల్లపరుపు నేల. ఊరికి ఉన్న ఒకే ఒక్క అందం లేక్. దాని ఒడ్డున పైన్ చెట్ల కింద పార్కు, ఉయ్యాలలు, మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యిలు, నీళ్ళలోకి పొడుగ్గా చెక్క జెట్టీ. ఈస్టరు సెలవులకి జిల్లా అంతా అక్కడే ఉండేది. పెలికాన్ పక్షులు మనుషుల పళ్ళేల్లోకి తొంగిచూసేవి. హాస్పిటల్‌కి ఆయన ఒక్కరే డాక్టరు. ఈ ఊళ్ళో ఆయన చేతుల్లో పుట్టని పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1982 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పేషెంట్లు అయిపోయాక చేపలకని మోటారున్న రేకు పడవ వేసుకుని వెళ్ళారు. "టీ పెట్టి ఉంచు, వచ్చేస్తా" అన్నారు. కాసేపటికి ఉత్తరం గాలి లేచి దుమ్ము కమ్మేసింది. అంతే. పోలీసుల ఈతగాళ్ళు వారం రోజులు దిగారు. ఆ నీళ్ళలో వాళ్ళ చెయ్యి వాళ్ళకే కనిపించేది కాదు. ఆయనా దొరకలేదు, పడవా దొరకలేదు.

పడవ కూడా దొరకకపోవడంతో ఊళ్ళో రెండో కథ పుట్టింది. అవతలి ఒడ్డుకి వెళ్ళి, పడవ ఎక్కడో దాచేసి, హైవే మీద బస్సెక్కారని. హాస్పిటల్లో నర్సు ఒకమ్మాయి అదే నెలలో ఉద్యోగం మానేసి పెర్త్ వెళ్ళిపోయింది. కథకి ఇంకేం కావాలి? ఆ అమ్మాయి నాకు ఏటా క్రిస్మస్ కార్డు పంపేది. కార్డు పంపింది కాబట్టి ఏ పాపమూ ఎరగదని సగం మంది, కార్డు పంపింది కాబట్టే దొంగని సగం మంది. నాకు తెలిసింది ఏమీ లేదు. మా ఇద్దరి మధ్యా పెద్ద గొడవలు లేవు. పెద్ద కబుర్లు కూడా లేవు. ఆ రోజు ఆయన మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామంటే, నేను కూర తరుగుతున్నాను, తలెత్తి చూడలేదు.

ఆయన బతికుండాలని ఏటా అట్లతద్దికి ఉపవాసం ఉన్నాను. నన్ను వదిలి వెళ్ళిపోయి ఉండకూడదు, ఆ లేక్ అడుగునే ఉండాలని కూడా కోరుకున్నాను. రెండూ ఒకే రోజు, అదే ఖాళీ కడుపుతో కోరుకున్నాను. ఇందుకు నన్ను ఎవరేమనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

3. ఇల్లు. ఇది ఆయన ఉండగానే ఇద్దరి పేరనా కొన్నది. ఇందులో నా సగం శ్రీదివ్యకి సర్వహక్కులతో చెందాలి. రెండో సగం నాది కాదు, ఇవ్వడానికి నాకు హక్కు లేదు. ఆ సగాన్ని ఏం చెయ్యాలో తొమ్మిదో అంశం చదివాక మీకే తెలుస్తుంది. అంతవరకూ అమ్మకానికి బోర్డు పెట్టకండి. పెట్టినా ఈ ఊళ్ళో కొనేవాళ్ళెవరు లెండి.

4. కారవాన్ పార్కు, వెంకీ. హాస్పిటల్ వాళ్ళు కొత్త డాక్టర్ని తెచ్చుకున్నాక, ఊరి పాలన చూసే షైర్ ఆఫీసు దగ్గర నేను లేక్ పక్కన, సెలవులకి వచ్చినవాళ్ళు చక్రాల ఇళ్ళలో దిగే కారవాన్ పార్కునీ దాని కొట్టునీ లీజుకి తీసుకున్నాను. డాక్టరు గారి భార్య ఐస్‌క్రీములూ ఎరలూ అమ్మడమేమిటని సిడ్నీ నుంచి మా మరిది వాళ్ళ ఫోన్లు వచ్చాయి. ఆ కొట్టు కిటికీలోంచి లేక్ మొత్తం కనిపిస్తుందని వాళ్ళకి చెప్పలేదు. లీజు ఎవరికీ రాసిచ్చేది కాదు, నాతోనే పోతుంది. నాలుగైదేళ్ళుగా వానల్లేక లేక్ తగ్గుతూ వచ్చింది, జనం మానేశారు. జెట్టీ కింద ఇప్పుడు గడ్డి మొలిచింది. మధ్యలో లోతు గుంట ఒక్కటే మిగిలింది, అదీ వచ్చే వేసవికి ఎండిపోతుందని షైర్ వాళ్ళు నోటీసు అంటించారు.

1999 చలికాలంలో, రెండు వేలో సంవత్సరం వస్తే షైర్ ఆఫీసు కంప్యూటర్లు తట్టుకుంటాయో లేదో చూడమని మెల్‌బోర్న్ కంపెనీ ఒకటి వరంగల్ కుర్రాణ్ణి పంపింది. హోటలు లేని ఊరు కనక నా కారవాన్‌లో దిగాడు. అన్నం మా ఇంట్లో తినమన్నాను. మొదటి సాయంత్రం వడ్డిస్తే ముట్టుకోడు. ఏం నాయనా, కారమా అంటే, "అంకుల్ రానీయండి ఆంటీ, కలిసి తింటం. ఎప్పుడొస్తరు?" అన్నాడు.

నుదుట బొట్టూ మెడలో పుస్తెలూ చూసి, మొగుడు ఏదో పని మీద బయటికెళ్ళాడనుకున్నాడు. ఆ పొరపాటు మన వాళ్ళకి తప్ప ఎవరికీ రాదు. తెల్లవాళ్ళకి బొట్టు చూస్తే ఇండియా గుర్తొస్తుంది, మొగుడు గుర్తురాడు. మనవాళ్ళలో తెలిసినవాళ్ళు నా బొట్టు చూసి చూపు దించుకునేవారు. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడొస్తారని నన్ను అడిగిన మనిషి వెంకీ ఒక్కడే. ఆలస్యమవుతుంది, నువ్వు తినేసెయ్ అన్నాను. అన్నం చల్లారిపోయేదాకా కూర్చున్నాడు. నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో, లోపలికి వెళ్ళి ఎంతసేపు ఏడ్చానో అతనికి తెలియదు, ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు పక్కింటి జోన్ అసలు సంగతి చెప్పింది. వెంకీ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సారీ అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. పని ముగించుకుని ఊరు వెళ్ళేటప్పుడు, "అంకుల్‌కి చెప్పండి ఆంటీ, పోయొస్త" అన్నాడు. ఆ మాట మీదే అతన్ని నా మనిషి అనుకున్నాను. నీలం గీత ఉన్న పెద్ద కారవాన్, దానిలోని సామాను, కొట్టులోని ఫ్రిజ్జులు, నా టొయోటా కారు వెంకీకి చెందాలి. ఇప్పుడు కంపెనీలు మూతబడి ఉద్యోగం పోయిందట, దాంతోపాటు కుదిరిన సంబంధం కూడా పోయిందట. నాయనా, ఉద్యోగం మళ్ళీ వస్తుంది. ఆ అమ్మాయి గురించి మాత్రం ఎక్కువ బాధపడకు, నాకు ఫోటోలోనే నచ్చలేదు.

5. జోన్. పక్కింటి జోన్ హాడ్లీకి నా ఇనప అట్ల పెనం చెందాలి. ఏటా అట్లతద్దికి చంద్రుడు కనిపించేదాకా నాతోపాటు ఆకలితో కాచుకుని, అట్ల వాయనం అందుకున్నది ఆమే. జోన్ లాగా భర్త పోయిన మనిషికి వాయనం ఇవ్వకూడదంటారు. ఊళ్ళో భర్తలున్న ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఆ టైములో క్రికెట్ ఉంటుంది. జోన్ అట్ల మీద ఆప్రికాట్ జామ్ రాసుకుంటుంది. మొదట్లో కోపమొచ్చేది, తర్వాత నేనూ రాసుకున్నాను. పార్కులో ఉయ్యాల కూడా ఊగేవాళ్ళం, ఇద్దరు పెద్దాడవాళ్ళం సిగ్గులేకుండా.

ఈ ఏడు అధిక ఆశ్వయుజం వచ్చి అట్లతద్ది నెల వెనక్కి పోయింది. నాకు తొందరగా ఉన్న ఏడే ఇలా రావాలా. అప్పటిదాకా ఉంటానో ఉండనో. లేకపోతే అట్లు జోనే పోసుకోవాలి, పెనం అందుకే.

జోన్‌ని ఒక విషయంలో సాక్ష్యం అడుగుతున్నాను. పొద్దువాలే వేళ ఎండుతున్న లేక్ మధ్యనుంచి పడవ మోటారు చప్పుడు వస్తుంది. కాసేపు దగ్గరవుతుంది, ఆగిపోతుంది. అది ఎవరిదో ట్రాక్టర్ అంటుంది జోన్. లేక్ అవతల ట్రాక్టర్ ఉన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా నాకు పొయ్యి మీద నీళ్ళు పెట్టాలనిపిస్తుంది, పెడతాను కూడా. పోయిన నెల ఒకసారి వరండా చెక్కల మీద తడి అడుగులు కనిపించాయి. వాన పడి నెలలైంది. జోన్ వాటిని చూసి, గుడ్డ తెచ్చి తుడుస్తానంది. వద్దన్నాను. అవే ఆరిపోయాయి.

6. ఆనందరావు. సిడ్నీ కెల్లీవిల్‌లో ఉన్న మా మరిది ఆనందరావుకి నా ఆస్తిలో ఏమీ చెందదు. మనిషి కనబడకుండా పోయి పన్నెండేళ్ళు దాటితే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యాలని శాస్త్రం ఉందట. ఉంటే ఉంది. నన్ను ఒక్క మాట అడక్కుండా, పురోహితుణ్ణి పిలిపించి, ఇంటి వెనక బార్బీ పక్కన ఆ పని చేశాడు. నాకు ఆ సంగతి చెప్పింది మనిషి కాదు, దండ. తర్వాత వాళ్ళింటికి వెళితే హాల్లో ఆయన ఫోటోకి గంధపు చెక్కల దండ కనిపించింది. తోటికోడలు రత్నకుమారి నా బొట్టు వైపు చూసి, కాఫీ తెస్తానని లోపలికి వెళ్ళింది. నేను కుర్చీ ఎక్కి దండ తీసేసి, ఫోటో సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

అన్న ఆత్మ అలమటిస్తుందేమోనని చేశాడని, ఆయన కొన్నాళ్ళు అతని కలలోకి వచ్చి చలేస్తోందన్నారని, తర్వాత ఎవరో చెప్పారు. ఆ కల నాకు రాలేదు. అందుకు కూడా అతని మీద నాకు కోపం ఉంది. ఫోటో మాత్రం అతనికి తిరిగివ్వండి. అది వాళ్ళమ్మ తీయించింది. దండ వెయ్యాలా వద్దా అన్నది తొమ్మిదో అంశం తేలాక చూసుకోమనండి.

7. శ్రీదివ్య. నా బంగారం, చీరలు, హాస్పిటల్లో ఆయన వాడిన స్టెతస్కోపు నా కూతురికి చెందాలి. ఆయన వెళ్ళిన రోజు దానికి ఎనిమిదేళ్ళు. పెద్దయ్యాక ఒకసారి నాతో, "ఈదర్ వే హీ ఈజ్ గాన్, అమ్మా. నీకు తేడా ఏంటి?" అంది. తేడా ఉందమ్మా. నీళ్ళలో ఉంటే ఆయన టీ తాగడానికి వస్తూ ఆగిపోయిన మనిషి. పెర్త్‌లో ఉంటే నేను ఇన్నేళ్ళూ ఎవరి కోసం ఆకలితో ఉన్నట్టు? నీకు నాన్న ఎలాగూ లేరు. నాకు మాత్రం ఏ కథలో బతికానో తెలియాలి. తెలియకుండా పోవాలని కూడా ఉంది.

సిడ్నీ వచ్చేయమని నువ్వు ఎన్నిసార్లు అడిగావో, కారు వేసుకుని వచ్చి నా సామాను ఎలా సర్దావో మర్చిపోలేదు. నీ మీద ప్రేమ లేక రాలేదనుకోకు. ఆయన వస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా.

8. నన్ను సాగనంపడం. నేను పోయాక ఒంటికి పసుపు రాసి, నుదుట పెద్ద బొట్టు పెట్టి, ఆకుపచ్చ గద్వాల చీర కట్టి, పూలు పెట్టండి. హోర్షమ్‌లో పూలు దొరక్కపోతే జోన్ పెరట్లో గులాబీలు ఉన్నాయి. పుస్తెలు మెడలోనే ఉంచండి. ఇందులో శాస్త్రం తెలిసినవాళ్ళు ఎవరైనా నోరు విప్పితే వెంకీ ఈ కింది వాదన చదివి వినిపించాలి: ఆయన పోయారని తేలకముందే నేను పోయాను కనక నేను పోయింది ముత్తైదువగానే. తర్వాత ఏం తేలినా వెనక్కి వచ్చి నా బొట్టు చెరపలేదు. లాయరు గారికి ఇది చెబితే ఇంత గట్టి పాయింటు తన సర్వీసులో వినలేదన్నారు.

అందుకే ఆ డాక్టరమ్మకి థాంక్స్ చెప్పాను. ఇన్నాళ్ళూ లేక్‌కీ నాకూ పోటీ నడుస్తోంది. అది ఎండేలోగా నేను వెళ్ళిపోవాలి. రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చునేది నీళ్ళు ఇంకా ఎంత ఉన్నాయో చూసుకోవడానికి. గెలుస్తాననే అనుకున్నాను.

9. పడవ. పోయిన శుక్రవారం గాలి దుమ్ము తేలిపోయాక కొట్టు కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో చూశాను. లోతు గుంటకి ఇవతల, చచ్చిన రెల్లు వెనక, బురదలో ఏదో మెరిసింది. మొదట రేకు ముక్క అనుకున్నాను. మర్నాడు ఇంకొంచెం తేలింది. పడవ. బోర్లా పడి ఉంది. అంచుకి ఆయన స్వయంగా వేసిన ఎర్ర పట్టీ ఇంకా కనిపిస్తూనే ఉంది. పట్టీ వంకరగా వేశారని ఆ రోజు నేను నవ్వాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అంటే పడవ అవతలి ఒడ్డుకి చేరలేదు. లేదా చేర్చి, ఖాళీగా తోసేసి ఉండొచ్చు. ఆ బురదలో మనిషి అడుగు పెడితే నడుం దాకా దిగిపోతుంది కనక ఎవరూ అటు వెళ్ళరు, ఒడ్డునుంచి చూస్తే రెల్లు అడ్డం. ఇంతవరకూ నేను తప్ప ఎవరూ చూడలేదు. పోలీసులకి ఫోన్ చెయ్యడానికి రిసీవరు తీశాను, పెట్టేశాను. దాని కింద ఆయన ఉన్నారో లేదో వాళ్ళు గంటలో తేల్చేస్తారు. ఇన్నేళ్ళు కాచుకున్న దాన్ని, ఆ ఒక్క గంట భరించలేనని తెలిసిపోయింది. నాకు చాలా భయంగా ఉంది. ఈ కాగితం రాయడం అందుకే మొదలుపెట్టాను.

ఇప్పుడు మీకు తెలిసింది కనక ఆ పని మీరు చెయ్యాలి. నన్ను దహనం చేశాక, అంతకు ఒక్క పూట కూడా ముందు కాదు, పోలీసులకి చెప్పి ఆ పడవ తిప్పించండి. శ్రీదివ్య దగ్గరికి వెళ్ళకూడదు. వెంకీ ఒడ్డున దాని పక్కన ఉండాలి.

ఆయన దొరికితే, ఆ ఎముకల్ని కూడా దహనం చేసి నా బూడిదలో కలపండి. ఇల్లు మొత్తం శ్రీదివ్యది. ఆనందరావు ఫోటోకి దండ వేసుకోవచ్చు. ఈ లేక్ ఎండడం ఇదే మొదలు కాదు, మళ్ళీ నిండుతుందని ఊళ్ళో ముసలివాళ్ళంటారు. నిండిన ఏడు ఇద్దర్నీ అందులోనే వదలండి.

కింద ఏమీ లేకపోతే, ఇంట్లో ఆయన సగం ఆయనకే ఉంచండి. ఎప్పుడైనా వస్తే తాళం ఇవ్వండి, ఏమీ అడగొద్దు. తర్వాత శ్రీదివ్య ఒక్కతీ నా ఫోటో దగ్గరికి రావాలి. వచ్చి, దొరికారని చెప్పు. నమ్ముతాను.

వృష నామ సంవత్సరం, అధిక ఆశ్వయుజ మాసం, మంగళవారం, 2001 అక్టోబరు 9, కొర్రాబిన్.

(సంతకం) శేషుకుమారి

సాక్షులు: పోస్టాఫీసు నడిపే డోరిన్ హాలెట్. పార్కులో గడ్డి కోసే కెన్ బ్రాడీ. సాక్షులకి వీలునామాలో ఏమీ ఇవ్వకూడదని లాయరు గారు అన్నందువల్ల ఇద్దరికీ చెరో నిమ్మకాయ పచ్చడి సీసా ముందే చేతికిచ్చాను. నేను సంతకం పెట్టడం ఇద్దరూ ఒకేసారి చూశారు. వాళ్ళకి తెలుగు రాదు.